తొమ్మిది అక్షరాల ఊరు, పదడుగుల మెషిను

ఓబులదేవరచెరువు అని బోర్డు రాయమంటే పెయింటరు ముందు కుంచె తీయడు, టేపు తీస్తాడు. తొమ్మిది అక్షరాలు. ఒక్క ఒత్తు లేదు, ఒక్క సున్న లేదు. కింద ఖాళీ వదలాల్సిన పని లేదు గానీ పొడవు మాత్రం చేంతాడంత. పక్క ఊళ్ళతో వేరే తంటాలు. పుట్టపర్తిలో రెండు ఒత్తులు కిందికి వేలాడతాయి. గోరంట్లలో సున్న, దాని వెనకే ల ఒత్తు. ధర్మవరంలో మ ఒత్తు ర కిందికి దూరుతుంది. కదిరి ఒక్కటే బోర్డు రాసేవాడికి వరం: మూడక్షరాలు, రెండు గుళ్ళు, అంతే. అందుకే బస్సు బోర్డుల మీద ఓబులదేవరచెరువు ఏనాడో ఓ.డి.చెరువు అయిపోయింది. జనం నోట్లో ఇంకా అరిగి ఓడీసీ అయింది. పేరు కుదించింది ఊరివాళ్ళా, రేకు పలక వెడల్పా అని అడిగితే సగం పాపం రేకుదే.

ఓబుళుడంటే అహోబిలం నరసింహుడు. రాయలసీమలో ఓబులేసు, ఓబుళమ్మ, ఓబుళరెడ్డి పేర్లు పిలిస్తే ఊరికి నలుగురు పలుకుతారు. పక్కనే కదిరి నరసింహస్వామి. ఓబులదేవరచెరువు మండలం 2022 ఏప్రిల్ 3 దాకా అనంతపురం జిల్లా, మర్నాటి నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయిన ఆ రోజున తహసీల్దారు ఆఫీసు దగ్గర్నుంచి బడి గోడ దాకా ప్రతి బోర్డు మీదా జిల్లా పేరు పాతబడింది. ‘అనంతపురం’లో ఒత్తు లేదు. ‘శ్రీ సత్యసాయి జిల్లా’లో మూడున్నాయి. బోర్డులు రాసేవాళ్ళకూ ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళకూ పరిపాలనా సంస్కరణ అంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

పెద్ద సైజు బొమ్మలు ఈ సీమకు కొత్త కాదు. హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షిలో వీరభద్రుడి గుడి కప్పు మీద 16వ శతాబ్దంలో రాసిన బొమ్మలున్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. గర్భగుడి ముందు కప్పు మీదున్న వీరభద్రుడి బొమ్మ ఒక్కటే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు అంటారు. ఇవాళ కదిరిలోనో హిందూపురంలోనో ఫ్లెక్సీ కొట్టే మెషిను వెడల్పు 3.2 మీటర్లు, అంటే పదిన్నర అడుగులు. ఆ వీరభద్రుణ్ణి ఇవాళ ప్రింటు తీయాలంటే రెండు ముక్కలుగా తీసి అతికించాల్సిందే. లేపాక్షి చిత్రకారులకు అతుకు బాధ లేదు. సున్నపు గచ్చు మీద ముందు గీత, ఆ గీతల మధ్య ఎర్రమట్టి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, సున్నపు తెలుపు.

ఓడీసీ బోర్డు పెయింటరు లేపాక్షి చిత్రకారుడి వారసుడని రాస్తే వినడానికి బాగుంటుంది, కానీ అది నిజం కాదు. ఒకరికి రాజాశ్రయం, ఇంకొకరికి కిరాణా కొట్టు యజమాని ఆశ్రయం. ఇద్దరి చిక్కు మాత్రం ఒకటే: దూరం నుంచి చూసేవాడికి తెలియాలి, ఎండకూ వానకూ నిలవాలి. ఆ చిక్కుకు ఈ చుట్టుపక్కలే మరో రెండు జవాబులు దొరికాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా చేసి రెండు వైపులా రంగు వేస్తారు, దీపం వెనక ఉంటుంది. లైటింగ్ బోర్డు సూత్రమూ అదే. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక అక్కడి చేతులు లాంప్ షేడ్లకు మళ్ళాయి. ఇక ధర్మవరం పట్టుచీర అంచు డిజైను ముందు గళ్ళ కాగితం మీద పుడుతుంది. గడి నిండితే ఒక పోగు లేస్తుంది, ఖాళీ అయితే లేవదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో పుట్టిన జాకార్డు అట్టల పద్ధతి అది. ప్రింటరు చుక్కలు పెట్టేదీ ఆ లెక్కలోనే. ధర్మవరం డిజైనరుకు పిక్సెల్ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బోర్డు రాయడం ఎలా ఉండేదో చూసినవాళ్ళకు తెలుసు. రేకు పలకకు ముందు ప్రైమరు. ఆరాక అడుగు రంగు రెండు కోట్లు. దారానికి సుద్దపొడి రాసి, రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే టప్పుమని తెల్ల గీత పడుతుంది. కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెండు గీతల మధ్య అక్షరం పొట్ట ఉండాలి. తలకట్టు పై గీత దాటుతుంది, ఒత్తు కింది గీత దాటుతుంది. కొత్తవాడు ఎడమ నుంచి మొదలెట్టి కుడి చివర అక్షరాల్ని ఇరికిస్తాడు. చేయి తిరిగినవాడు మధ్య అక్షరాన్ని ముందు గుర్తు పెట్టుకుని అటూ ఇటూ పోతాడు. ఓబులదేవరచెరువులో మధ్య అక్షరం ‘వ’. అటు నాలుగు, ఇటు నాలుగు. దేవుడి పేరున్న ఊరు కాబట్టి ఆ మాత్రం పొందిక ఉందనుకోవాలి.

ఫొటో ఇచ్చి మనిషి బొమ్మ వేయమంటే గళ్ళే గతి. ఫొటో మీద అర అంగుళం గళ్ళు, గోడ మీద అడుగు గళ్ళు. ఒక్కో గడిలో ఏముందో చూసి గోడ మీదికి ఎక్కించడమే. పైకి నిచ్చెన, కిందికి దిగి నాలుగడుగులు వెనక్కి నడిచి చూడ్డం, మళ్ళీ నిచ్చెన. ఇనామిల్ రంగుతో రాసిన బోర్డు బాగా కుదిరితే ఏళ్ళ తరబడి నిలిచేది. రంగు వెలిసినా అక్షరం చదవడానికి వచ్చేది. ఇంకో పరీక్ష లిపులది. హిందూపురం కర్ణాటక సరిహద్దు. కదిరి బజార్లో ఉర్దూ బోర్డు కావాలి. తెలుగు తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తే, కన్నడ తలకట్టు అడ్డంగా పడి కొన దగ్గర వంగుతుంది. ఆ ఒక్క విరుపు తప్పితే అక్షరం సరిహద్దు దాటేసినట్టే. చదువు పెద్దగా లేకపోయినా నాలుగు లిపులు రాయగలిగిన పెయింటర్లు ఈ సరిహద్దు ఊళ్ళలో ఉండేవారు.

గోడలది వేరే చరిత్ర. సున్నం కొట్టిన గోడ, నీలిమందు, కావి రంగు, కొబ్బరి పీచు కుంచె. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఎరువుల కంపెనీలు, సిమెంటు కంపెనీలు, ఆ తర్వాత పార్టీలు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టాక గోడల మీద పసుపు రంగు వాటా ఒక్కసారిగా పెరిగింది. ఎన్టీఆర్ హిందూపురం నుంచి 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిచారు. ఆ కాలపు ఎన్నికలు గోడ రాసేవాళ్ళకు పండగ సీజను. ఫలానా గోడ ‘మాది’ అని ముందే రాసి పెట్టుకోవడానికి రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని తిరిగేవారు. 1990లో టి.ఎన్.శేషన్ ఎన్నికల ప్రధాన కమిషనర్ అయ్యాక గోడలకు విముక్తి మొదలైంది. ఇంటి యజమాని ఒప్పుకోకుండా రాయకూడదన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది. 1997లో రాష్ట్రం బహిరంగ స్థలాలను పాడు చేయడం మీద చట్టమే తెచ్చింది. గోడ బతికింది, గోడ మీద బతికేవాడికి సగం పని పోయింది.

సినిమాది మద్రాసు దారి. 1957లో ‘వణంగాముడి’కి శివాజీ గణేశన్ 80 అడుగుల కటౌట్ నిలబెట్టింది అక్కడి మోహన్ ఆర్ట్స్. 1967లో బాపు ‘సాక్షి’తో పబ్లిసిటీ డిజైనరుగా మొదలైన ఈశ్వర్ లాంటివాళ్ళు అక్కడే కూర్చుని తెలుగు సినిమా అక్షరానికి రూపం ఇచ్చారు. ఆ టైటిళ్ళను జిల్లాల్లో పెయింటర్లు కిరాణా బోర్డులకు, సోడా బండ్లకు, లారీల వెనక రేకులకు దించేశారు. హీరో పేరు రాసిన వంపులోనే హోటలు పేరు. కాపీరైటు సంగతి ఎవరికీ తట్టలేదు, తట్టి ఉంటే బజారు బోసిపోయేది.

తర్వాత కంప్యూటరొచ్చింది. ముందు వచ్చింది బొమ్మ ప్రింటు చేసేది కాదు, స్టిక్కరు కోసేది. ప్లాటరు బ్లేడు వినైల్ షీటును అక్షరాల్లా కోస్తే, చుట్టూ ఉన్న చెత్త పీకి అతికించడమే పని. మోటార్ సైకిళ్ళకూ ఆటోలకూ ఇలా అతికించే షాపును ఇప్పటికీ ‘రేడియం షాపు’ అంటారు. అందులో రేడియం చిటికెడు కూడా ఉండదు, అది వెలుతురు పడితే మెరిసే షీటు. పేరులో ఉన్నది సరుకులో లేకపోవడం ఈ వ్యాపారానికి కొత్త కాదని ముందే చెప్పుకోవాలి, లేటెక్స్ ప్రింటరు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

కంప్యూటరుతోపాటే అను ఫాంట్లు, శ్రీలిపి, ఫొటోషాప్, కోరల్‌డ్రా. ఆ ఫాంట్లలో టైపు చేసిన ఫైలు వేరే కంప్యూటరులో తెరిస్తే తెలుగు కాస్తా పిచ్చి గీతలయ్యేది. యూనికోడ్ ఫాంట్లు తర్వాతి కాలంలో ఉచితంగా దొరికాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ అంటూ వాటిలో చాలావాటికి విజయనగర ఆస్థాన కవుల పేర్లే పెట్టారు. తళ్ళికోట యుద్ధం తర్వాత ఆ రాజ్యపు రాజధాని ఇక్కడి పెనుకొండకే తరలొచ్చింది. ఎన్టీఆర్ పేరుతోనూ ఒక ఫాంటుంది. హిందూపురంలో బోర్డు డిజైన్ చేసే కుర్రాడి ముందున్న జాబితాలో రాయల కవులూ ఊరి మాజీ ఎమ్మెల్యే ఒకే వరసలో ఉంటారు.

2000 దాటాక జిల్లా పట్టణాలకు ఫ్లెక్సీ వచ్చింది. అసలు మాట ‘ఫ్లెక్స్’. మనవాళ్ళు చివర ‘ఈ’ తగిలించి ఇంటిపేరు చేసేశారు. సన్నని పాలిస్టరు వలకు రెండు వైపులా పీవీసీ పొర అతికిస్తే ఆ గుడ్డ. దాని మీద రంగు చల్లేది సాల్వెంట్ మెషిను: పదిన్నర అడుగుల వెడల్పు పట్టె, దాని మీద అటూ ఇటూ పరుగెత్తే హెడ్లు, పక్కన ఐదు లీటర్ల ఇంకు క్యాన్లు. ఇంకులో సైక్లోహెక్సనోన్ లాంటి ఘాటైన ద్రావకాలు పీవీసీ పై పొరను కాస్త కరిగించి రంగును లోపలికి దింపుతాయి. అందుకే వానకు చెక్కుచెదరదు. అందుకే షాపు గడప ఎక్కగానే కళ్ళు మండుతాయి. తాజా ఫ్లెక్సీ చుట్టి ఆటోలో పెడితే ఇంటికి చేరేదాకా ఆ వాసనే.

రేటు చదరపు అడుగు లెక్క. అక్షరాలు ఎన్నైనా ఒకటే, ఫొటోలు ఎన్నైనా ఒకటే. చేతి బోర్డు కాలంలో ఒక్కో బొమ్మకూ కష్టం ఉండేది గనక ఒకరి బొమ్మే వేయించేవారు. కష్టానికి విలువ పోయేసరికి పుట్టినరోజు ఫ్లెక్సీలో మండల నాయకుడి చుట్టూ పాతిక మంది తలలు మొలిచాయి. పెళ్ళి, ఓణీల ఫంక్షను, అయ్యప్ప మాల, శ్రద్ధాంజలి, తిరునాళ్ళ, కాలేజీలో సీటు, అన్నిటికీ ఫ్లెక్సీయే. ఒకరి ఫ్లెక్సీ ఇంకొకరు చించితే ఊళ్ళో పోలీసు పికెట్. ఇంతా చేసి దాని బతుకు వారం రోజులు. ఆ తర్వాతే దానికి అసలు ఉద్యోగం: వేరుశనగ కట్టె వామి మీద కప్పు, మేకల దొడ్డికి చాటు, గుడిసె కప్పు మీద వాన ఆపే పొర. వేరుశనగే ప్రధాన పంటైన ఈ సీమలో నాయకుల ముఖాలు ఎక్కువ కాలం కనబడేది సెంటర్లో కాదు, కళ్ళాల్లో.

పెయింటర్లు ఏమయ్యారంటే ఒక్క జవాబు లేదు. కొందరు ఇళ్ళకు రంగులేసే పనిలోకి పోయారు. కొందరు బడి గోడల మీద పటాలు, వార్డు సచివాలయాల మీద పథకాల పేర్లు రాస్తూ నెట్టుకొచ్చారు. కొందరి కొడుకులు మౌస్ పట్టారు. నేలబారు ఫ్లెక్సీల మధ్య ఎక్కడైనా అక్షరాల నడుమ ఖాళీ సమంగా కనిపిస్తే, ఆ డిజైనరు ఇంట్లో ఒకప్పుడు కుంచె ఉండేదని అనుమానించొచ్చు.

మండల కేంద్రంలో డిజైన్ షాపు పెట్టాలంటే ప్రింటరు అక్కర్లేదు. ఒక కంప్యూటరు, ఫొటోలు రావడానికి వాట్సాప్, ఐలెట్లు కొట్టే చిన్న పంచ్, రీపర్లు. ఫైలు పట్నంలో మెషిను ఉన్నచోటికి పోతుంది, ప్రింటు బస్సు మీద చుట్టగా దిగుతుంది. పంపే ముందు అక్షరాలన్నీ ‘కర్వ్స్’ చేయడం, అంటే ఫాంటుతో పని లేని గీతలుగా మార్చడం, మరిస్తే పుట్టపర్తిలో త ఒత్తు పక్కకు దొర్లి వేరే ఊరైపోతుంది. ఫ్లెక్సీ చేతికొచ్చాకే తప్పు తెలుస్తుంది, అప్పటికి పెళ్ళి ముహూర్తం దగ్గరపడి ఉంటుంది.

పట్నంలోని ఆ సాల్వెంట్ మెషిన్లకు పోటీగా వచ్చిన లేటెక్స్ ప్రింటరు కథ ఇక్కడ మొదలవుతుంది, వేడితో. 1977లో జపాన్‌లో కెనాన్ ఇంజనీరు ఇచిరో ఎండో చేతిలోని టంకం కడ్డీ పొరపాటున ఇంకు సిరంజికి తగిలి సూది కొన నుంచి ఇంకు చిమ్మిందని చెబుతారు. అమెరికాలో హెచ్‌పీ వాళ్ళూ దాదాపు అదే కాలంలో అదే దారిలో వెళ్ళి 1984లో థింక్‌జెట్ ప్రింటరు తెచ్చారు. సూక్ష్మమైన గదిలో ఇంకును క్షణంలో వందో వంతు కన్నా తక్కువసేపు కాలిస్తే బుడగ పుడుతుంది, ఆ బుడగ చుక్కను బయటికి తోస్తుంది. అన్నం కుండ మూత ఎగిరే లెక్కే. ఆ హెడ్లతోనే హోర్డింగుల పని చేయాలని హెచ్‌పీ 2008లో డిజైన్‌జెట్ ఎల్65500 అనే 104 అంగుళాల మెషిను దించింది. ద్రావకం తీసేసి నీళ్ళు పోసింది. ఇంకులో ఎక్కువ భాగం నీరే, అందులో రంగు రేణువులూ పాలిమర్ రేణువులూ తేలుతుంటాయి. ఆ పాలిమర్ పాల పేరే లేటెక్స్. రబ్బరు చెట్టుకూ దానికీ సంబంధం లేదు, రేడియంలో రేడియం లేనట్టే. ప్రింటయిన గుడ్డ మెషిను లోపలే హీటరు కిందికి పోతుంది. నీరు ఆవిరవుతుంది, పాలిమర్ కరిగి రంగు మీద పల్చని పొరలా పరుచుకుంటుంది. బయటికి వచ్చేసరికి పొడి. సాల్వెంట్ ప్రింటుకు లామినేషన్ వేయాలంటే ఘాటు వదిలేదాకా ఒక రోజు ఆగాలి, దీనికి అక్కర్లేదు. వాసనా లేదు.

2009లో చిన్న సైజులు, 2014లో 300 సిరీస్, 2018లో తెల్ల ఇంకుతో ఆర్ సిరీస్, 2021లో 700, 800 సిరీస్‌లు. పెద్ద నగరాల సైన్ షాపులు వీటితో ఇంటీరియర్ పనులు, వాల్‌పేపరు, వాహనాల మీద స్టిక్కర్లు చేస్తున్నాయి.

ఇక కొనాలా వద్దా అన్న బేరం. ఓడీసీ నుంచి చూస్తే ముందు అడ్డుపడేది వేడి. ఈ మెషిన్లకు గదిలో 15 నుంచి 30 డిగ్రీలు ఉండాలంటారు. మే నెలలో బయట 40 దాటే చోట ఏసీ తప్పదు. పైగా గది చల్లబరిచే ఏసీ ఒకవైపు, గుడ్డ ఆరబెట్టే హీటరు ఒకవైపు. 360 మోడల్‌కైతే రెండు వేరు వేరు కరెంటు లైన్లు ఇవ్వాలి. కరెంటు మధ్యలో పోతే హీటరు కింద ఉన్న ముక్క చెడినట్టే. పల్చని, చవక సరుకు ఆ సెగకు ముడుచుకుంటుంది. సాల్వెంట్ ఇంకు ఐదు లీటర్ల క్యానులో వస్తే, 300 సిరీస్ లేటెక్స్ ఇంకు 775 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలో వస్తుంది. ఒక్క ఊరట, హెడ్డు చెడితే మెకానిక్ కోసం బెంగళూరుకు ఫోను చేయక్కర్లేదు. పాతది తీసి కొత్తది షాపువాడే పెట్టుకోవచ్చు. ఈ లెక్కన పుట్టినరోజు ఫ్లెక్సీల కోసం లక్షలు పోసి లేటెక్స్ కొంటే అప్పు వాయిదాలకు పుట్టినరోజులు చాలవు.

అయితే ఓడీసీ చుట్టూ ముప్పై, నలభై ఏళ్ళలో వేరే రకం బోర్డుల గిరాకీ వచ్చింది. పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నవంబరు 22న మొదలైంది. ఘాటు వాసన కొట్టే ప్రింటును వార్డులో గోడకు ఎవరు అతికిస్తారు? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలెట్టింది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. అక్కడ కావాల్సింది శుభాకాంక్షల ఫ్లెక్సీ కాదు, కొలత ప్రకారం ఒకే రంగు తప్పకుండా వచ్చే భద్రతా సూచనలు, నేల గుర్తులు, షెడ్డు నంబర్లు. హిందూపురం పారిశ్రామికవాడదీ అదే అవసరం. ఇలాంటి పనికి అడుగు రేటు తక్కువన్నది ప్రధానం కాదు. లేటెక్స్ కొనేవాడెవడైనా ఉంటే హిందూపురం, పెనుకొండ వైపు షాపుకే లెక్క కలుస్తుంది, ఓడీసీ షాపు అక్కడికి ఫైలు పంపుతుంది.

ఇంకో తోపు ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ జాబితాలో 100 మైక్రాన్ల కన్నా పల్చని పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. ఆ ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలే ఉండవని, గుడ్డ బ్యానర్లకు మారాలని ప్రకటించారు. గడువు నవంబరు 1 అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. అప్పులు తెచ్చి మెషిన్లు కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు. ఫ్లెక్సీ పోలేదు. కానీ గుడ్డ మీద ప్రింటు ఎలా అన్న ప్రశ్న ప్రతి షాపులోనూ మొదలైంది. సాల్వెంట్ ఇంకు పట్టు పీవీసీ మీద, లేటెక్స్ ఇంకు గుడ్డనూ కాగితాన్నీ పట్టుకుంటుంది. అంతమాత్రాన లేటెక్స్ అంటే పర్యావరణ పుణ్యం అనుకోనక్కర్లేదు. అదే ఇంకును పీవీసీ మీద కొడితే కిందున్నది పీవీసీయే.

ఓబులదేవరచెరువు అని 12 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు కావాలనుకుందాం. లేటెక్స్ 330, 360 మోడళ్ళ వెడల్పు 64 అంగుళాలు, ఐదడుగుల పైమాట. ఊరి పేరును రోలు పొడవునా తిప్పి పెడితే అతుకు అక్కర్లేదు. ‘ఓ’తో మొదలై, మధ్యలో ‘వ’ దాటి, చివరి ‘వు’ కొమ్ము దాకా సుమారు పావుగంట. పెయింటరు ఆ పావుగంటలో దారానికి సుద్ద రాసి, రెండు గీతలు కొట్టి, మధ్య అక్షరం ఎక్కడ పడుతుందో వేలితో కొలుచుకుంటూ ఉండేవాడు.